వేడి గాలి పైకి పోతుంది కదా, మరి రాత్రిపూట సీలింగు సెగ కిందికెలా దిగుతోంది?

నమస్తే అండి. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విజయవాడలో మూడో అంతస్తు, మీ పడకగది మీద ఇంకో అంతస్తు లేదు, నేరుగా డాబా. ఏప్రిల్ వచ్చినప్పటి నుంచి రాత్రి పదకొండు దాటినా పైనుంచి సెగ కొడుతోంది. ఫ్యాను వేస్తే వేడి గాలి, ఏసీ 18లో పెట్టినా పాప చెమటతో లేచి ఏడుస్తోంది. "వేడి గాలి పైకి పోతుందని బళ్లో చదువుకున్నాం. అలాంటప్పుడు పైనున్న శ్లాబు వేడి కిందికెలా వస్తోంది? సీలింగుకి లోపల తెల్ల పెయింటా, ఫాల్స్ సీలింగా, డాబా మీద కూల్ రూఫ్ పెయింటా, డబ్బు దేనిమీద పెట్టాలి?" అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ మంచం మీదికి దిగుతున్న వేడిలో ఎక్కువ భాగం గాలి మోసుకొస్తున్నది కాదు, శ్లాబు నుంచి నేరుగా వికిరణంగా వస్తున్నది. వికిరణానికి పైకి, కిందికి అన్న తేడా లేదు. ఎటు చల్లగా ఉంటే అటు పోతుంది. కాబట్టి మొదటి రూపాయి డాబా పైన పెట్టండి, శ్లాబుకి ఎండ అంటకుండా చూడండి. అది చేశాక ఇంకా అవసరమనిపిస్తే లోపల ఫాల్స్ సీలింగు, అదీ అల్యూమినియం ఫాయిల్‌తో. లోపలి సీలింగుకి తెల్ల రంగు వేస్తే గదిలో వెలుతురు పెరుగుతుందే తప్ప ఒక్క డిగ్రీ కూడా తగ్గదు. ఎందుకో కింద చెబుతాను.

నేను ఇరవై రెండేళ్లుగా కోల్డ్ స్టోరేజీల పనిలో ఉన్నాను, ఎక్కువగా గుంటూరు చుట్టుపక్కల మిర్చి గిడ్డంగులు. బస్తాల దగ్గరికి వేడి ఏ దారిన వస్తోందో వెతికి ఆ దారి మూయడమే నా పని. ఇళ్లకి కూడా అదే లెక్క వర్తిస్తుంది.

పుస్తకాల్లో ఉష్ణవహనం, ఉష్ణ సంవహనం, ఉష్ణ వికిరణం అని మూడు పేర్లు ఉంటాయి. కానీ మన ఇళ్లలో వీటికి ముందే మాటలు ఉన్నాయి. మధ్యాహ్నం డాబా మీద చెప్పుల్లేకుండా అడుగుపెడితే చురుక్కుమంటుంది, అది వహనం. రోడ్డు మీద మొహానికి కొట్టే వడగాలి సంవహనం, అంటే వేడిని గాలి మోసుకొచ్చి ఒంటికి అంటించడం. పొయ్యి ఎదురుగా కూర్చుంటే, గాలి కదలకపోయినా మొహానికి తగిలేది సెగ. అదే వికిరణం. పైనుంచి కొట్టేదాన్ని మీరు "సెగ" అనే రాశారు, "వేడి గాలి" అని రాయలేదు. మీ ఒళ్లు సరిగ్గానే గుర్తుపట్టిందన్నమాట.

ఇప్పుడు మీ బడి పాఠం సంగతి. వేడెక్కిన గాలి వ్యాకోచించి తేలికై పైకి పోతుంది, చల్లటిది కిందికి దిగుతుంది, ఈ తిరుగుడే సంవహనం. అన్నానికి ఎసరు పెట్టినప్పుడు గిన్నెకి వేడి కింద నుంచి తగులుతుంది కాబట్టి నీళ్లు తెర్లుతాయి. అదే గీజరులో చూడండి, వేడినీళ్లు పైన, చన్నీళ్లు కింద, కలవకుండా పొరలుగా ఉంటాయి. మీ గది గీజరు లాంటిది. వేడి పైనుంచి తగులుతోంది, శ్లాబు కింద ఒక వేడి గాలి పొర దుప్పటిలా అతుక్కుని ఉంటుంది, తనంతట తాను కిందికి రాదు. పాఠం తప్పు కాదు, అది గాలి గురించి మాత్రమే చెప్పింది.

అంకెల్లో చెప్తాను. ఫ్యాను ఆపేసి ఉన్నప్పుడు, వేడెక్కిన సీలింగు కింది గాలికి ఇచ్చేది ప్రతి చదరపు మీటరుకి, ప్రతి డిగ్రీ తేడాకి సుమారు 1 వాట్. వికిరణంగా ఇచ్చేది సుమారు 6 వాట్లు. అంటే ఏడు వంతుల్లో ఆరు వంతులు సెగే. ఈ వికిరణం లెక్కని స్టెఫాన్ అనే శాస్త్రవేత్త 1879లో ప్రయోగాల ఫలితాల నుంచి పట్టాడు, బోల్ట్జ్‌మన్ 1884లో సిద్ధాంతపరంగా నిరూపించాడు. వస్తువు వెదజల్లే వేడి దాని పరమ ఉష్ణోగ్రత (మామూలు డిగ్రీలకి 273 కలిపితే వచ్చేది) నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. మీ సీలింగు 45 డిగ్రీలు, చర్మం 34 డిగ్రీలు అనుకుందాం. పూర్తిగా ఎదురెదురుగా ఉన్న చోట చదరపు మీటరుకి దాదాపు 70 వాట్లు మీ మీదికి వస్తుంది. నిద్రపోతున్న పెద్దమనిషి ఒంట్లో పుట్టే వేడే 70, 80 వాట్లు. ఆ వేడిని వదిలించుకోవాల్సిన ఒళ్లు పైనుంచి ఇంకాస్త పుచ్చుకుంటోంది. అదే సీలింగుని 35 డిగ్రీలకి దించగలిగితే ఆ 70 కాస్తా 6 అవుతుంది. అందుకే నేను గదిలో గాలి ఎంత ఉందని ముందు అడగను, సీలింగు ఎంత ఉందని అడుగుతాను.

నా మాట నమ్మక్కర్లేదు, ఈ రాత్రే పరీక్షించుకోండి. ఫ్యాను రెండు నిమిషాలు ఆపి వెల్లకిలా పడుకోండి. టీవీ పెట్టె అట్టలాంటి పెద్ద అట్ట ఒకటి మొహానికి ఒక అడుగు ఎత్తున అడ్డం పట్టుకోండి. గాలి మారలేదు, గది మారలేదు, కానీ ఆ క్షణంలోనే మొహం తేలికపడుతుంది. అట్ట తీసేయగానే మళ్లీ సెగ. అడ్డం పెడితే ఆగేది వికిరణమే. వేడి గాలే కారణమైతే అట్టకి అంత తేడా ఉండదు.

ఫ్యాను వేస్తే వేడి గాలి ఎందుకొస్తుందో కూడా ఇందులోనే ఉంది. సీలింగుని అంటుకుని ఉన్న ఆ వేడి పొరని ఫ్యాను లాగి కిందికి తోస్తుంది, దాని స్థానంలో కొత్త గాలిని శ్లాబుకి రాస్తుంది. అంటే దానంతట అది జరగని సంవహనాన్ని మనమే నడిపిస్తున్నాం. అయినా ఫ్యాను ఆపొద్దు, చెమట ఆరాలంటే గాలి తగలాలి. కాకపోతే పదిన్నర, పదకొండుకి బయటి గాలి గదిలో గాలికంటే చల్లబడ్డాక, సీలింగు ఫ్యాను బదులు టేబుల్ ఫ్యానుని కిటికీ దగ్గర పెట్టి బయటి గాలిని మంచం ఎత్తులో లోపలికి లాగించండి. వెంటిలేటర్లు తెరిచి ఉంచండి, పైపొర వేడి వాటిలోంచి పోతుంది. చాలా ఇళ్లలో దోమలని వెంటిలేటర్లకి అట్టలు కొట్టేస్తారు, అట్ట తీసి జాలీ కొట్టించండి.

ఇక శ్లాబు రాత్రంతా ఎందుకు చల్లారదు? పన్నెండు అడుగుల చదరం గది, అయిదు అంగుళాల శ్లాబు తీసుకోండి. ఆ కాంక్రీటు బరువు సుమారు 4 టన్నులు. అది ఒక డిగ్రీ వేడెక్కాలంటే పట్టే వేడి సుమారు ఒక యూనిట్ కరెంటుతో సమానం. పది డిగ్రీలు వేడెక్కితే మీ నెత్తిన పది యూనిట్ల వేడి నిల్వ ఉన్నట్టు. కొంత పైకి ఆకాశంలోకి పోతుంది, మిగతాది మీ గదిలోకి. పైగా పైన తగిలిన ఎండ ఆ మందం దాటి కింది ముఖానికి రావడానికే మూడు నాలుగు గంటలు పడుతుంది. అందుకే మధ్యాహ్నం రెండింటి ఎండ మీకు సాయంత్రం ఆరింటికి తెలుస్తుంది. పెంకుటింట్లో పగలు వేడి ఉన్నా రాత్రి హాయిగా ఉండేదని పెద్దవాళ్లు అంటారు. నిజమే. పెంకు పల్చన, దానిలో నిల్వ ఉండే వేడి తక్కువ, పెంకుల సందుల్లోంచి వేడి గాలి పైకి పోతుంది.

ఏసీ 18లో పెట్టినా ఎందుకు చాలడం లేదంటే, ఏసీ చల్లబరిచేది గాలిని. ఒంటికి తెలిసే వేడి మాత్రం గాలి ఉష్ణోగ్రతకి, చుట్టూ ఉన్న గోడలు, సీలింగు సగటు ఉష్ణోగ్రతకి మధ్యన ఎక్కడో ఉంటుంది. గాలి 26, చుట్టూ ఉన్నవి సగటున 36 అయితే మీకు 31 ఉన్నట్టే అనిపిస్తుంది. రిమోట్ మీద అంకె తగ్గించే కొద్దీ కరెంటు బిల్లు పెరుగుతుంది, సెగ అలాగే ఉంటుంది. రాత్రి పదికి నేరుగా ఏసీ వేసే బదులు గదిలో ముందే పొరలుగా ఉన్న వేడి గాలిని అరగంట బయటికి పోనిచ్చి, తరువాత తలుపులు మూసి ఏసీ వేయండి.

ఇప్పుడు డబ్బు దేనిమీద పెట్టాలన్న ప్రశ్న.

డాబా పైన తెలుపు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం చదరపు మీటరు మీద దాదాపు 1000 వాట్ల ఎండ పడుతుంది. నల్లబడ్డ పాత సిమెంటు అందులో 650 దాకా పీల్చుకుంటుంది. శుభ్రంగా ఉన్న తెల్ల పూత 200 నుంచి 250 మాత్రమే. ఇంకో మంచి సంగతి ఏమిటంటే, తెల్ల పెయింటు ఎండని వెనక్కి కొడుతుంది కానీ, తన ఒంట్లోని వేడిని రాత్రి ఆకాశంలోకి వదలడంలో నల్ల పెయింటుకి ఏమీ తీసిపోదు. కంటికి కనిపించే వెలుగుకి తెలుపు, నలుపు తేడా ఉంటుంది. సీలింగు, గోడలు, మన ఒళ్లు వెదజల్లే, కంటికి కనిపించని పరారుణ కిరణాల విషయంలో ఏ రంగు పెయింటైనా, సున్నమైనా, కాంక్రీటైనా దాదాపు ఒకటే, గరిష్ఠంగా వెదజల్లగలిగేదాంట్లో 90 శాతం. లోపలి సీలింగుకి తెలుపు వేసి లాభం లేదని నేను అన్నది ఇందుకే. అక్కడ ఎండ పడదు, అక్కడ జరిగేదంతా పరారుణమే.

సున్నమైనా సరిపోతుంది, జిగురు కలిపి రెండు పూతలు. కాకపోతే వానలకి పోతుంది, ఏటా మార్చిలో మళ్లీ వేయాలి. కూల్ రూఫ్ పెయింటు కొన్నేళ్లు నిలుస్తుంది, కానీ దుమ్ము పడితే దాని గుణం బాగా తగ్గిపోతుంది. పెయింటు వేయించి రెండేళ్లు కడగకుండా వదిలేసి "పని చేయలేదు" అనేవాళ్లని చాలామందిని చూశాను. ఫిబ్రవరి చివర్లో ఒకసారి, మే మొదట్లో ఒకసారి చీపురుతో కడగండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి ప్రభుత్వ, వాణిజ్య భవనాలకి, 600 గజాలు, అంతకుమించిన స్థలంలో కట్టే ఇళ్లకి తప్పనిసరి చేసింది. మన దగ్గర కూడా అలాంటిది రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను, ఎందుకంటే ఒక్క ఇంటికి కాదు, ఊరికే మేలు.

చలువ పందిరి. నన్నడిగితే మీలాంటి ఇంటికి తెలుపుతో పాటు ఇదే మొదటిది. కొబ్బరాకులో, తాటాకులో, అవి దొరక్కపోతే నర్సరీల్లో వాడే గ్రీన్ షేడ్ నెట్టో, డాబాకి కనీసం మూడు నాలుగు అడుగుల ఎత్తున వేయించండి. ఎత్తు ముఖ్యం. ఎండకి పందిరి కూడా కాగుతుంది, అది కూడా సెగ కక్కుతుంది. కింద ఖాళీ ఉంటే గాలి ఆడి ఆ వేడిని తీసుకుపోతుంది. నెట్టుని తెచ్చి డాబా మీద పరిచేసిన వాళ్లున్నారు, దానివల్ల ఒరిగేది చాలా తక్కువ. వీలైతే సాయంత్రం నెట్టుని ఒక పక్కకి లాగేయండి, శ్లాబుకి ఆకాశం కనిపించాలి. మేఘాల్లేని పొడి రాత్రి, వికిరణం లెక్కలో ఆకాశం గాలికంటే పది, పదిహేను డిగ్రీలు చల్లగా ఉన్నట్టు లెక్క. ఆరుబయట మంచం వేసుకుంటే చెట్టు కింద కంటే చల్లగా ఉండేది అందుకే. విజయవాడలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి హైదరాబాదులో ఉన్నంత లాభం ఉండదు, అయినా ఉన్నదాన్ని వదులుకోకూడదు.

నీళ్లు. లీటరు నీరు ఆవిరైతే సుమారు 0.67 యూనిట్ల వేడి తీసుకుపోతుంది. ఇందాకటి పది యూనిట్లకి పదిహేను లీటర్లు, అంటే ఒక బకెట్ చాలు. కానీ ఆ బకెట్ ఆవిరి కావాలి, పైపుల్లోంచి కిందికి పోకూడదు. పొద్దువాలాక పలచగా చల్లండి, ఆరాక మళ్లీ చల్లండి. గోనె పట్టాలు పరిచి తడిపితే ఇంకా మంచిది. నీళ్లు కట్టేసి నిలబెట్టడం, మిట్టమధ్యాహ్నం కాగిన శ్లాబు మీద కుమ్మరించడం వద్దు. డాబాకి పగుళ్లుంటే ముందు వాటర్ ప్రూఫింగ్ చూసుకోండి.

ఫాల్స్ సీలింగు, ఫాయిల్. ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. పనిలో చేరిన కొత్తలో మా అక్క ఇంట్లో సీలింగుకి అల్యూమినియం ఫాయిల్ అతికించి, దానికి ఆనించి బోర్డులు బిగించాను. ఆ వేసవిలో తేడా ఏమీ రాలేదు. అక్క ఏమీ అనలేదు కానీ నాకు నిద్ర పట్టలేదు. శ్లాబుకి, ఫాయిల్‌కి, బోర్డుకి మధ్య ఖాళీ లేదు కాబట్టి వేడి వహనంగా నేరుగా దిగిపోయింది. ఫాయిల్ గొప్పతనమంతా సెగని వెనక్కి కొట్టడంలో, తను సెగ వెదజల్లకపోవడంలో ఉంది. ఒకవైపైనా దాని ముందు గాలి ఖాళీ లేకపోతే అది మామూలు రేకు. మరుసటి ఏడాది విప్పించి నాలుగు అంగుళాల ఖాళీ వదిలి మళ్లీ బిగించాక అక్కే ఫోన్ చేసి చెప్పింది, పిల్లలు నిద్రపోతున్నారని. వేడి పైనుంచి కిందికి వస్తున్నప్పుడు ఆ ఖాళీలో గాలి కదలదు, సంవహనం దాదాపు ఉండదు, మిగిలింది వికిరణమే. దాన్ని ఫాయిల్ పదో వంతు కంటే తక్కువకి తగ్గిస్తుంది. ఫాయిల్ మెరిసే ముఖం ఖాళీవైపు ఉండాలి. వీలుంటే కిందికి చూసేలా బిగించండి, దుమ్ము పట్టదు. ఫాయిల్ లేని పీఓపీ సీలింగు కొంత ఆపుతుంది, కానీ అర్ధరాత్రికి అదీ కాగి కూర్చుంటుంది.

ఒక హెచ్చరిక. మెరుస్తున్నదల్లా చల్లగా ఉంటుందనుకోకండి. తూర్పు గోదావరిలో ఒక కోళ్ల ఫారం రైతు పాత సిమెంటు రేకులు తీసేసి మెరిసే జింకు రేకులు వేయించారు. మేలో షెడ్డు ఇంకా కాగింది, కోళ్లు చనిపోయాయి. నేను వెళ్లేసరికి ఆయన కుంగిపోయి ఉన్నారు. జింకు రేకు ఎండలో సగానికి పైగా పీల్చుకుంటుంది, కానీ మెరుపు వల్ల పీల్చుకున్న వేడిని వికిరణంగా వదల్లేదు. లోపలికి తీసుకుని బయటికి పంపని రేకు అన్నమాట. రేకులమీద తెల్లసున్నం పూయించి, పైన వరిగడ్డి పరిపించి, మధ్యాహ్నాలు స్ప్రింక్లర్లు నడిపించాం. అప్పుడు ఫారం నిలబడింది.

డాబా పైన ఇన్సులేషన్ గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు చెప్తారు. థర్మోకోల్ జాతి గట్టి షీట్లు పరిచి పైన సిమెంటు చేయడం. మంచిదే, మా గిడ్డంగుల్లో అదే ప్రాణం. కానీ అది పగలు వేడిని రానివ్వనట్టే, రాత్రి శ్లాబు వేడిని ఆకాశంలోకి పోనివ్వదు. రోజంతా ఏసీ నడిచే ఇంటికి అది పెట్టుబడికి తగినది. రాత్రి కిటికీలు తెరుచుకుని పడుకునే ఇంటికి తెలుపు, పందిరి చాలు, ఖర్చు కూడా బాగా తక్కువ.

పందిరి వేసేదాకా పాప సంగతి. ఉయ్యాలైనా మంచమైనా దోమతెర పైభాగం మీద తెల్లటి నూలు దుప్పటి పరవండి, పక్కలు మాత్రం తెరిచి గాలి ఆడనివ్వండి. అది ఇందాకటి అట్ట చేసే పనే చేస్తుంది, సీలింగు సెగని సగం వరకు ఆపుతుంది. మంచం బదులు నేల మీద చాప వేస్తే గాలి పొరల్లో చల్లటిది మీ వాటాకి వస్తుంది. పాప నీరసంగా వాలిపోతున్నా, ఒంటేలు తగ్గినా ఈ చిట్కాలు పక్కనపెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఒక చిన్న పని చేయగలిగితే నేను ఇంకా కచ్చితంగా చెప్పగలను. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, తుపాకీలా ఉండేది, ఎవరి దగ్గరైనా అడిగి తీసుకోండి. సాయంత్రం ఆరింటికి, రాత్రి పదింటికి, తెల్లవారుజామున నాలుగింటికి సీలింగు, నాలుగు గోడలు చూసి రాయండి. ఫ్యాను రెక్క, స్టీలు గిన్నె లాంటి మెరిసేవాటి మీద చూడకండి, తప్పు చూపిస్తుంది. పడమటి గోడ సీలింగుతో సమానంగా కాగుతుంటే డాబాతో పాటు దానికీ నీడ కట్టాల్సి వస్తుంది, అప్పుడు లెక్క కొంచెం మారుతుంది.